గోడ తడిసిన రోజే రాయవలసిన కాగితం

(అపార్ట్‌మెంటు నివాస కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వక్ఫ్ ఆస్తులు, రిజర్వేషన్లు, విద్యార్థి వేతనాలు మన వేదికల మీద తరచుగా వినిపించే విషయాలు. నీటి పైపు పగలడం గురించి ఎవరూ సభ పెట్టరు. అయినా ఈ సాయంత్రం మేము దాని గురించే మాట్లాడదలచుకున్నాము. ఇరవై ఏళ్ళు గల్ఫ్‌లో కష్టపడి కొన్న రెండు గదుల ఫ్లాటు ఒక్క రాత్రిలో తడిసిపోవడం, పాలసీ చేతిలో ఉండి కూడా ఒక్క రూపాయి రాకపోవడం, ఆ కుటుంబం మా సహాయ కేంద్రానికి వచ్చేసరికి ఆధారమన్నది ఏదీ మిగలకపోవడం మేము పదే పదే చూస్తున్నాము. హక్కు ఉన్నది. దానిని నిరూపించే కాగితం లేదు. మాట్లాడవలసింది ఆ కాగితం గురించే.

2020 అక్టోబరు వరదలు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ, టోలిచౌకి నదీం కాలనీ రోజుల తరబడి నీటిలో నిలిచాయి. ప్రభుత్వం కుటుంబానికి 10,000 రూపాయలు ప్రకటించింది. అందినవారికి అందింది, అందనివారు మీ-సేవ కేంద్రాల ముందు వరుసలు కట్టారు. ఊరంతా మునిగినప్పుడు కనీసం ప్రకటన అయినా వెలువడుతుంది. పై అంతస్తులో పైపు విరిగి మీ ఒక్క ఇల్లు మునిగితే ఏ ప్రభుత్వమూ రాదు. అక్కడ మిగిలే ఆధారం బీమా ఒక్కటే.

బీమా ధర్మసమ్మతమా కాదా అని అడిగే సోదరులు ఈ సభలోనూ ఉన్నారు. మేము ముఫ్తీలము కాము, ఆ ప్రశ్నకు జవాబు ఉలమాను అడిగి తెలుసుకోండి. మేము చెప్పగలిగింది ఒక్కటే: ఇంటికోసం బ్యాంకు అప్పు తీసుకున్నవారిలో చాలామంది పేరిట, వారికే తెలియకుండా, ఇంటి పాలసీ ఒకటి అప్పు కాగితాల మధ్య పడి ఉంటుంది. ప్రీమియం మీరు కట్టారు. అందులో ఏమున్నదో ముందు తీసి చదవండి.

అది 2021 ఏప్రిల్ 1 తరువాతి పాలసీ అయితే దాని పేరు బహుశా భారత్ గృహ రక్ష అయి ఉంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ఆదేశం మేరకు సాధారణ బీమా కంపెనీలు ఆ తేదీ నుంచి అమ్ముతున్న ప్రామాణిక పాలసీ ఇది. అగ్నిప్రమాదం, భూకంపం, తుఫాను, వరద, అల్లర్లు వంటివాటితో పాటు అందులో ఒక వాక్యం ఉన్నది: నీటి ట్యాంకులు, పరికరాలు, పైపులు పగలడం వల్ల గానీ పొంగిపొర్లడం వల్ల గానీ కలిగే నష్టం. భవనానికి బీమా చేయిస్తే ఇంటి సామానుకు కూడా భవనపు బీమా మొత్తంలో 20 శాతం మేరకు, 10 లక్షలకు మించకుండా, వేరే జాబితా ఇవ్వకుండానే రక్షణ లభిస్తుంది. అద్దెకుండేవారు భవనం జోలికి పోకుండా సామాను వరకే పాలసీ తీసుకోవచ్చు.

ఆ వాక్యంలోని రెండు క్రియలను గమనించండి. పగలడం, పొంగిపొర్లడం. ఇవి రెండూ ఒక సమయంలో జరిగే సంఘటనలు, వీటికి తేదీ ఉంటుంది, గంట ఉంటుంది. పక్క బాత్రూమ్ గచ్చులోంచి ఆరు నెలలుగా గోడలోకి దిగుతున్న చెమ్మకు తేదీ లేదు, అది ఈ మాటల కిందికి రాదు. క్లెయిం నెగ్గినా, ఓడినా సర్వేయర్ మనసులో ఉండే ప్రశ్న ఒకటే: నీరు ఎప్పుడు, ఎక్కడి నుంచి, ఎలా వచ్చింది? సొంత ఇంట్లో దీనికి జవాబు చెప్పడం తేలిక. అపార్ట్‌మెంటులో ఆ జవాబు ముక్కలై ఉంటుంది. కొంత పై ఫ్లాటు బాత్రూమ్‌లో, కొంత షాఫ్టులో, కొంత మేడమీది ట్యాంకు దగ్గర, కొంత వాచ్‌మన్ జ్ఞాపకంలో. రెండు రోజులు గడిస్తే వాటిని ఏరి కూర్చడం ఎవరి తరమూ కాదు.

ఒక కుటుంబం అనుభవం చెబుతాము, పేర్లు అక్కరలేదు. అయిదంతస్తుల భవనం, వారిది మొదటి అంతస్తు. ఇంటాయన రియాద్‌లో ఉంటారు. ఒక రాత్రి రెండు గంటల వేళ, మేడమీది ట్యాంకు నుంచి షాఫ్టులో కిందికి దిగే పైపుకు రెండో అంతస్తు దగ్గర ఉన్న ఎల్బో ఊడిపోయింది. తెల్లవారేదాకా నీరు స్లాబు మీదుగా పారి వీరి పడకగదిలోకి దిగింది. ఫాల్స్ సీలింగ్ కూలింది. బీరువా అడుగున నీరు చేరింది. కూతురి పెళ్ళికోసం దాచిన పరుపులు, దుప్పట్లు, చీరలు తడిసి ముద్దయ్యాయి. ఉదయం ప్లంబర్ వచ్చి కొత్త ఎల్బో బిగించి, విరిగిన ముక్కను చెత్తలో వేసి వెళ్ళిపోయాడు. పెళ్ళి పది రోజుల్లో ఉన్నది కనుక గోడలకు పుట్టీ పెట్టి రంగు వేయించారు. పాలసీ ఉన్నదన్న సంగతి ఎనిమిదో రోజున రియాద్ నుంచి ఫోనులో తెలిసింది. కొడుకు కంపెనీకి ఫోను చేసి, ఇంట్లో అందరూ అనే మాటే అన్నాడు: గోడలకు సీలన్ వచ్చింది. జిరాక్సు దుకాణంలో క్లెయిం ఫారం నింపినవాడు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చి సీపేజ్ అని రాశాడు. సర్వేయర్ వచ్చి చూస్తే ఎదుట కొత్త రంగు వేసిన పొడి గోడ, చేతిలో సీపేజ్ అన్న ఒక్క పదం. క్లెయిం తిరస్కరించారు.

ఇందులో ఎవరూ అబద్ధమాడలేదు. మన ఇళ్ళలో చెమ్మకైనా, వరదకైనా సీలన్ అన్న ఒక్క మాటే వాడుక. బీమా కాగితం మీద మాత్రం ఆ మాట, పగిలిన పైపును ఆరు నెలల నెమ్ముగా మార్చివేసింది. తిరస్కరణ ఉత్తరంతో వారు మా దగ్గరికి వచ్చినప్పుడు మేము చేసిన పని, మొదటి రోజున జరగవలసిన పనిని ఇరవయ్యో రోజున చేయడమే. ఆ తెల్లవారుజామున మెట్ల మీద పారుతున్న నీటిని మూడో అంతస్తు కుర్రవాడు ఫోనులో తీశాడు, అందులో తేదీ, సమయం ఉన్నాయి. ఎల్బో కొన్న హార్డ్‌వేర్ దుకాణంలో అదే ఉదయపు బిల్లు దొరికింది. ప్లంబర్ తాను ఏది విప్పాడో, ఏది బిగించాడో రాసి సంతకం చేశాడు. రాత్రి ట్యాంకు ఖాళీ అయిందనీ, అయిదు గంటలకు మళ్ళీ మోటారు వేశాననీ వాచ్‌మన్ నోటు పుస్తకంలో ఉన్నది. వీటితో ఫైలు తిరిగి తెరిపించాము. సీలింగుకు, బీరువాకు, కొన్ని బట్టలకు డబ్బు వచ్చింది. పారవేసిన పరుపులకు రాలేదు, చూపించడానికి అవి లేవు.

కనుక మా మొదటి విన్నపం మాట గురించి. కంపెనీకి ఫోను చేసినా, ఈమెయిల్ రాసినా, ఫారం నింపినా, కళ్ళతో చూసినదే చెప్పండి. ‘ఫలానా తేదీ, ఫలానా గంటకు, ఫలానా అంతస్తు దగ్గర షాఫ్టులోని పైపు ఊడింది, ఇన్ని గంటలు నీరు పారింది, ఈ గదిలోకి దిగింది.’ కారణం తెలియకపోతే నీరు ఎక్కడ కనిపించిందో అంతవరకే రాసి, కారణం పరిశీలిస్తున్నామని చేర్చండి. ఊహించి రాయకండి. నిజంగా అది ఏళ్ళ తరబడి దిగుతున్న చెమ్మే అయితే దానిని పగిలిన పైపుగా రాయడం మోసం, అటువంటి క్లెయింకు మేము తోడు రాము. దానికి వేరే దారి ఉన్నది, తరువాత చెబుతాము.

రెండోది, మొదటి గంట. ముందు ప్రాణం: తడిసిన గోడలో స్విచ్ బోర్డు ఉంటే మెయిన్ ఆపండి. తరువాత వాల్వు కట్టండి. మీ భవనంలో షాఫ్టు వాల్వు ఎక్కడున్నదో ఈ సభలో ఎంతమందికి తెలుసు? ఇంటి స్త్రీలలో ఎంతమందికి చూపించారు? పగటివేళ ఇంట్లో ఉండేది వారే. పాలసీ నెంబరు, కంపెనీ ఫోను నెంబరు ఇంటాయన ఫోనులో, ఆయన జెద్దాలో ఉంటే ఆ పాలసీ అవసరానికి అక్కరకు రాదు. వాటిని వంటగది అల్మారా తలుపు లోపల అతికించండి. పాలసీ విదేశంలో ఉన్నవారి పేరిట ఉంటే, ఇక్కడ సర్వేయర్‌తో మాట్లాడి సంతకం చేసే అధికారం భార్యకో తమ్ముడికో ఇస్తూ ఒక అధికార పత్రం ముందే పంపించి ఉంచాలి.

నీరు ఆగకముందే ఫోను తీయండి. ముక్కలు ముక్కలుగా కాక, నీరు వస్తున్న చోట మొదలుపెట్టి అది పారుతున్న దారి వెంట నడుస్తూ, తడిసిన వస్తువు దాకా ఒకే వీడియో. తీస్తూ తేదీ, సమయం, ఫ్లాటు నెంబరు బిగ్గరగా చెప్పండి. తరువాత ఫోటోలు, ముందు గది మొత్తం కనిపించేలా, పిదప దగ్గరగా. గోడమీద నీటి గీత ఎంత ఎత్తుకు వచ్చిందో పెన్సిలుతో గుర్తు పెట్టి, పక్కన టేపు పట్టి తీయండి. పై ఫ్లాటులోకి, మేడమీదికి వెళ్ళవలసి వస్తే వారి అనుమతితో, అసోసియేషన్ మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళండి.

ఆ ఫోటోలను వాట్సాప్‌లో నలుగురికీ పంపి ఫోనులోంచి తీసివేసే అలవాటు మనకున్నది. వాట్సాప్ ఫోటోను కుదించివేస్తుంది, ఎప్పుడు తీశారో చెప్పే లోపలి సమాచారం అందులో నిలవదు. అసలు ఫైలును ఫోనులోనే ఉంచి, ఒక ప్రతిని మీ ఈమెయిల్‌కే పంపుకోండి. వ్యవహారం న్యాయస్థానం దాకా వెళితే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జతచేయవలసి ఉంటుంది. అసలు ఫైలు ఉన్నవారికే అది సులభం.

విరిగిన ముక్క. దీనిమీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడనివ్వండి, ఎందుకంటే అన్నిటికన్నా బలమైన సాక్షి అదే, అన్నిటికన్నా ముందు చెత్తలోకి పోయేదీ అదే. పగిలిన ఎల్బో, చీలిన పైపు, విరిగిన బాల్ కాకు, ఏదైనా సరే, ప్లంబర్ చేతిలోంచి తీసుకుని కవరులో వేసి తేదీ రాసి దాచండి. చీలిక అంచు కొత్తదా, పాచిపట్టిన పాతదా అన్నది సర్వేయర్ చూడగానే గ్రహిస్తాడు. ప్లంబర్‌కు లెటర్‌హెడ్ లేకపోవచ్చు. తెల్లకాగితం చాలు. ఏ చోట, ఏ వస్తువు, ఎలా పాడైంది, తాను ఏమి మార్చాడు అన్నది నాలుగు వాక్యాలలో, పేరుతో, ఫోను నెంబరుతో, సంతకంతో. అతడు రాయలేకపోతే అతడు చెప్పింది మీరు రాసి, చదివి వినిపించి సంతకం చేయించండి. మీకు అనుకూలమైన మాటలు అతడి నోట పెట్టకండి.

ట్యాంకు పొంగిన సందర్భాలు వేరు. మంజీరా నీళ్ళు ఏ వేళకు వస్తే ఆ వేళకు మోటారు వేసి నిద్రపోవడం మన భవనాల్లో సాధారణం. బాల్ కాకు పనిచేయక ట్యాంకు పొంగి, మేడ మీంచి పై అంతస్తు పడకగదిలోకి దిగుతుంది. ఇక్కడ మోటారు ఎప్పుడు వేశారు, ఎప్పుడు ఆపారు అన్న పుస్తకమే సాక్ష్యం. అసోసియేషన్ వారు వాచ్‌మన్ చేత అటువంటి పుస్తకం రాయించాలి. యాభై రూపాయల రిజిస్టరు అది. మరమ్మతులు కూడా అందులోనే తేదీలతో ఎక్కించండి. పైపులను సకాలంలో బాగు చేయించుకుంటున్న భవనమని చెప్పడానికి అది పనికివస్తుంది.

ఇక సామాను. తడిసినవాటిని ఆరబెట్టండి, ఎత్తుమీదికి చేర్చండి. నష్టం పెరగకుండా చూడటం పాలసీదారు బాధ్యత. అయితే సర్వేయర్ చూసేదాకా పారవేయకండి, రంగులు వేయించకండి. వాసన భరించలేక బయట పెట్టక తప్పకపోతే ఫోటో తీసి, కంపెనీకి ఈమెయిల్ పెట్టి ఆ తరువాతే పెట్టండి. బిల్లులు లేవని చాలామంది దిగులు పడతారు. పదేళ్ళ క్రితం కొన్న బీరువాకు బిల్లు ఎవరి దగ్గరుంటుంది? అదే గదిలో తీసిన పెళ్ళి ఫోటోలో ఆ బీరువా ఉంటుంది. బ్యాంకు మెసేజీ, వాయిదాల కార్డు, అదే రకం వస్తువుకు దుకాణదారు ఇచ్చే కొటేషన్ పనికివస్తాయి. ఇంట్లోనే మగ్గం పని, కుట్టుపని చేసే అక్కచెల్లెళ్ళకు ఒక హెచ్చరిక: గిరాకీల బట్టలు, వ్యాపార సరుకు ఇంటి సామాను కావు. ఆ సంగతి పాలసీ తీసుకునేటప్పుడే చెప్పి తగిన రక్షణ అడగండి. కింది మల్గీలలో దుకాణాలు నడిపేవారికి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే వేరే పాలసీ ఉన్నది.

మరింత కష్టమైన విషయం ఇంటి కాగితాలు. నీరు కారినట్టు నిరూపించినా, ఇల్లు ఎవరిదని అడిగినచోట ఆగిపోయిన ఫైళ్ళు మా దగ్గర ఉన్నాయి. తాతగారు పోయి పదిహేనేళ్ళు, విరాసత్ పంపకం జరగలేదు, ఇంటి పన్ను రసీదు ఇంకా ఆయన పేరిటే వస్తున్నది, పాలసీ మాత్రం మూడో మనవడు తీసుకున్నాడు. పాతబస్తీలో నోటరీ కాగితాల మీదే చేతులు మారిన ఇళ్ళు ఎన్నో. బీమా చేయించినవారికి ఆ ఆస్తిలో హక్కు, ప్రయోజనం ఉన్నాయని చూపవలసి ఉంటుంది. చెల్లెళ్ళ వాటా తేల్చకుండా ఏళ్ళు నెట్టుకొచ్చిన కుటుంబాలకు ఆ బాకీ ఇటువంటి రోజున ఎదురొస్తుంది. వాటాలు తేల్చుకోండి, తేలేలోగా కనీసం వారసులందరి అంగీకారంతో పాలసీ తీసుకోండి, ఆ అంగీకారం రాతలో ఉంచండి.

పొరుగువారి సంగతి. పై ఫ్లాటు పైపు పగిలితే మొదట జరిగేది గొడవ, తరువాత మస్జిద్ పెద్దల సమక్షంలో సులహ్. సులహ్ మంచిదే, మేము దానికి అడ్డు చెప్పము. అయితే ఒక చిక్కు ఉన్నది. మీకు డబ్బు చెల్లించిన కంపెనీకి, నష్టానికి బాధ్యులైన వారి నుంచి ఆ సొమ్ము రాబట్టుకునే హక్కు మీ స్థానంలో సంక్రమిస్తుంది. ‘పై ఇంటివారి మీద మాకు ఎటువంటి క్లెయిం లేదు’ అని మీరు ముందే సంతకం చేసి ఇస్తే ఆ హక్కును మీరే తెంచివేసినట్టు, దానిని చూపి కంపెనీ మీ డబ్బు ఆపవచ్చు. మాట మంచిగా ఉంచుకోండి, టీ తాగండి, సంతకం మాత్రం కంపెనీకి తెలిపిన తరువాతే. పొరుగువారికి రాసే ఉత్తరంలోనూ నింద వద్దు. తేదీ, సమయం, కనిపించినది, మరమ్మతు కోసం విన్నపం, అంతే.

ఏళ్ళనాటి చెమ్మకు దారి చెబుతామన్నాము. పై బాత్రూమ్ గచ్చు మీద అనుమానం ఉంటే, వారి అంగీకారంతో తూము మూసి రంగు కలిపిన నీరు ఒక రోజు నిలబెట్టండి. కింద రంగు దిగితే చర్చ ముగుస్తుంది. పైపు మీద అనుమానమైతే కుళాయిలన్నీ కట్టివేసి మీటరు చూడండి, ముల్లు తిరుగుతూ ఉంటే ఎక్కడో నీరు పోతున్నది. ఉమ్మడి పైపు అయితే ఖర్చు అసోసియేషన్‌ది, ఫ్లాటు లోపలిదైతే ఆ యజమానిది. రెరా కింద నమోదైన ప్రాజెక్టు అయి, స్వాధీనం చేసిన నాటి నుంచి అయిదేళ్ళు దాటకపోతే, 14వ సెక్షన్ ప్రకారం నిర్మాణ లోపాన్ని బిల్డర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలో గానీ, ఎనిమిదికి మించని ఫ్లాట్లతో గానీ కట్టినవాటికి నమోదు తప్పనిసరి కాదు. మన గల్లీలలోని భవనాలు చాలావరకు ఆ కోవలోవే, అదే బాధ.

గడువుల విషయం. ఐ.ఆర్.డి.ఎ.ఐ. 2024 జూన్‌లో జారీ చేసిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిం తెలిపిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలి, నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ నిర్ణయం చెప్పాలి. ఈ గడియారం మీరు తెలిపిన క్షణం నుంచే నడుస్తుంది. అందుకే ఫోనుతో సరిపెట్టక, ఈమెయిల్ కూడా పంపి క్లెయిం నెంబరు తీసుకోండి. సర్వేయర్ వచ్చిన తేదీ, చూసిన గదులు, తీసుకున్న కాగితాలు ఒక చోట రాసుకోండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ రసీదు అడగండి.

మన పేరు చూసి తిరస్కరించారని మా దగ్గర కన్నీరు పెట్టుకున్నవారు ఉన్నారు. ఆ అనుమానం గాలిలోంచి పుట్టదు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు వినే మాటలు మనకు తెలియనివి కావు. అయినా వివక్ష జరిగిందని చెప్పాలన్నా చేతిలో కాగితం కావాలి. నోటిమాట తిరస్కరణను అంగీకరించకండి. పాలసీలోని ఏ షరతు కింద కాదంటున్నారో లిఖితపూర్వకంగా అడగండి, సర్వే నివేదిక ప్రతిని అడగండి. ఆ ఉత్తరం వచ్చాక ముందు కంపెనీ ఫిర్యాదుల అధికారికి రాయండి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సమ్మతం కాకపోయినా, ఏడాది లోపల బీమా ఓంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లోని కార్యాలయం రెండు తెలుగు రాష్ట్రాలకూ పనిచేస్తుంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల రూపాయల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉన్నది. అక్కడ మీ ముందు కూర్చునే అధికారి మీ కన్నీటిని కాదు, ఆ మొదటి ఉదయపు ఈమెయిల్‌ను, విరిగిన ఎల్బోను, ప్లంబర్ కాగితాన్ని చూస్తారు.

మగ్రిబ్ వేళ అవుతున్నది. ద్వారం పక్కన బల్ల మీద మూడు కాగితాలు తెలుగులోనూ, ఉర్దూలోనూ పెట్టాము: కంపెనీకి మొదటి ఈమెయిల్ నమూనా, ప్లంబర్ వాంగ్మూలం నమూనా, మోటారు రిజిస్టరు పేజీ. కుటుంబానికి ఒక ప్రతి తీసుకోండి. పాలసీ తెచ్చినవారు నమాజు తరువాత ఆగితే కూర్చుని చదివి చెబుతాము. జిరాక్సులు మాత్రమే ఇవ్వండి, అసలు కాగితాలు ఎవరి చేతికీ ఇవ్వకండి, మా చేతికి కూడా.